ఉస్తాద్ సాలిం జర్మన్ ఆల్బం

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేనాటికి నేను అక్కడి ఖైతాన్ పేటలో ఒక ఫొటో స్టూడియోలో ఏడేళ్లుగా రీటచర్ని. రీటచింగ్ అంటే ఇప్పటి పిల్లలు ఫోన్ మీద వేలితో చేసేస్తున్న పనే. అప్పట్లో నెగెటివ్‌ని వెలుగు పెట్టె మీద పెట్టి, భూతద్దం కంటికి ఆనించుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలూ మచ్చలూ ముడతలూ ఒక్కొక్కటే పూడ్చేవాళ్లం. నెగెటివ్ మీద పెన్సిల్ పడినచోట ప్రింటు తెల్లబడుతుంది. నాది రాజంపేట దగ్గర పల్లె. కడపలో ఒక స్టూడియోలో నేల ఊడుస్తూ ఊడుస్తూ ఈ విద్య నేర్చుకున్నాను. చదివింది ఏడో తరగతి. అయినా నా చేతిలో పడ్డ మొహం ఎంత గరుకుదైనా పెళ్లికొడుకు మొహమై బయటికి వచ్చేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు, అదే నా జబ్బు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, డ్రైవర్లు, కూలీలు. ఊరికి పంపే ఫొటో కోసం మేకుకు తగిలించిన కోటు తొడుక్కునేవాళ్లు. ఆ కోటు ఎవరికీ సరిపోదు. వెనకవైపు నాలుగు క్లిప్పులు పెట్టి బిగిస్తే ముందునుంచి దర్జాగా కనిపించేది.

ఉస్తాద్ సాలిం అలాంటి గిరాకీ కాదు. ఆయన కువైటీ, స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. ఇల్లు మా స్టూడియోకి రెండు వీధుల అవతల. కుర్రతనంలో జర్మనీలో చదువుకున్నాడట. అక్కడి పాత సామాన్ల సంతల్లో మొదలైన పిచ్చి ఆయనకు జీవితమంతా వదల్లేదు. పాత జర్మన్ సైనికుల ఫొటోలు పోగేసేవాడు. విజిటింగ్ కార్డంత అట్టల మీద అంటించినవి, అరచేయంత అట్టల మీదవి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోస్టుకార్డుల మీద అచ్చు వేసినవి. అందరూ కుర్రవాళ్లే. రంగుల తెర ముందు, పక్కన ఒక చిన్న బల్ల మీద చెయ్యి ఆనించి, మీసం మెలిపెట్టి, నెత్తిన మొన ఉన్న శిరస్త్రాణం పెట్టుకునో, తీసి చేత్తో పట్టుకునో నిలబడి ఉంటారు. పేరు రాసి ఉన్నవి పదింటిలో ఒకటి కూడా ఉండవు.

అవి పాడైపోతున్నాయని కాపీ నెగెటివ్‌లు తీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. పాత ఫొటోని గోడకి అమర్చి, రెండువైపుల నుంచీ దీపాలు పెట్టి మళ్లీ ఫొటో తీయడాన్నే కాపీ నెగెటివ్ అంటాం. పని మధ్యలో ఆయన పాఠం చెప్పేవాడు. భుజం పట్టీ మీద అంకె ఉంటే అది రెజిమెంటు సంఖ్య. మణికట్టు దగ్గర కుట్టుపని చూస్తే ఏ రాజ్యంవాడో తెలుస్తుంది. అట్ట వెనక స్టూడియో పేరూ ఊరూ ఉంటే ఆ రెజిమెంటు ఆ ఊళ్లో ఉండేదా లేదా అని సరిచూసుకోవాలి. తెలిసినదంతా చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసి ఫొటో కింద దోపేవాడు.

"పేరు పోయినా ఏ దళంవాడో తెలిస్తే సగం మనిషి దొరికినట్టు, యా రమణ," అనేవాడు.

ఒకసారి మాత్రం నేనే ఆయనకు పాఠం చెప్పాను. ఒక కుర్రవాడి కాలరు నల్లగా ఉందని, ఫిరంగి దళంవాడై ఉంటాడని ఆయన చీటీ రాశాడు. నేను భూతద్దం పెట్టి చూసి, "ఉస్తాద్, ఆ కాలపు ప్లేట్లకు ఎరుపు తెలీదు. ఎరుపు నల్లగా పడుతుంది, నీలం తెల్లబడుతుంది. ఇది ఎర్ర కాలరు అయ్యుండచ్చు," అన్నాను. ఆయన ఇంటికి వెళ్లి పుస్తకాలు తిరగేసుకుని మర్నాడు పొద్దున్నే వచ్చాడు. "నువ్వే రైటు. వీడు కాల్బలం. ఇరవయ్యేళ్లుగా నేను తప్పు చదువుతున్నాను," అని అందరి ముందూ నా భుజం తట్టాడు. ఆ రోజు నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆయన కొడుకు ఫహద్ సైన్యంలో చేరాడు. ఆ ఏడు మొదట్లో యూనిఫాంలో ఫొటో తీయించుకోవడానికి తండ్రితో కలిసి వచ్చాడు. సిగ్గరి. కెమెరా ముందు నవ్వమంటే చెవులు ఎర్రబడ్డాయి. బెరె టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రోజూ ఎండలో టోపీతో తిరగడం వల్ల నుదుటి మీద ఒక గీత ఉంది, పైన తెలుపు, కింద నలుపు. మామూలు టోపీ గీత అడ్డంగా తిన్నగా ఉంటుంది. బెరె ఒకవైపుకి వాలి ఉంటుంది కాబట్టి దాని గీత ఏటవాలుగా పడుతుంది. ఇలాంటివి చెరిపేయడం మా పనిలో మొదటి పాఠం. నేను పెన్సిల్ తీయగానే ఉస్తాద్ ఆపాడు.

"వద్దు. అది వాడు సంపాదించుకున్నది. ఉండనీ."

ఉంచాను. ఒకే ఒక్క ప్రింటు తీసి, వెనక మా స్టూడియో ముద్ర కొట్టి ఇచ్చాను.

ఆగస్టు రెండున ట్యాంకులు వచ్చాయి. మా ముదీర్, అంటే స్టూడియో మేనేజరు, సెలవు మీద వాళ్ల దేశంలో ఉన్నాడు. తాళాలు నా దగ్గరే. మొదటి పని షోకేసులో ఉన్న యూనిఫాం ఫొటోలన్నీ తీసి కాల్చేశాను. ఫహద్ నెగెటివ్ కూడా అందులోనే పోయింది. వారం తిరక్కుండానే స్టూడియో మళ్లీ తెరవాల్సి వచ్చింది. మనవాళ్లు వందల కొద్దీ పారిపోయే దారి వెతుక్కుంటున్నారు. పాస్‌పోర్టులేమో కఫీళ్ల, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమానుల, బీరువాల్లో ఉన్నాయి, కఫీళ్లేమో సౌదీలో. ఎంబసీ ఇచ్చే ప్రయాణం కాగితానికి ఫొటో కావాలి. రోజంతా అవే తీశాను.

నా గదిలో ఉండే సుబ్బరాయుడు లక్కిరెడ్డిపల్లె వాడు, నీళ్ల ట్యాంకరు డ్రైవరు. పొద్దున బయల్దేరేటప్పుడు రోజూ ఒకే మాట చెప్పేవాడు. "రమణన్నా, ఎవురేమడిగినా నాకేమీ తెల్దని గమ్మునుండు. నీకు మాట్లాడేది జాస్తి."

"నాకు తెలీదా ఏంది?" అనేవాణ్ణి.

మూడో వారంలో ఒకనాడు పొద్దున ఉస్తాద్ చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. తెల్లవారుజామున ఇల్లు సోదా చేశారట. ఫహద్ మొదటి వారంలోనే దళం చెదిరిపోయి ఇంటికి చేరాడు. యూనిఫాం, కాగితాలు అన్నీ కాల్చేశారు. ఆ ఒక్క ఫొటో మాత్రం కాల్చడానికి తండ్రికి చెయ్యి రాలేదు. జర్మన్ ఆల్బంలో ఆ పాత సైనికుల మధ్యన దోపాడు. అన్ని మీసాల మధ్య ఎవరు చూస్తారులే అనుకున్నాడు. చూశారు.

"మా వాడు స్కూలు లాబొరేటరీలో పనిచేస్తాడని చెప్పాను. ఆ యూనిఫాం వాళ్ల మేనత్త కొడుకుదని, సరదాకి తొడుక్కుని ఫొటో దిగాడని చెప్పాను. మేనత్త కొడుకు సౌదీకి వెళ్లిపోయాడు, వాణ్ణి అడగలేరు. ఫహద్‌ని మన పోలీసు ఠాణాలో కూర్చోబెట్టారు. ఫొటో వెనక మీ ముద్ర చూశాడు కెప్టెన్. ఇక్కడికి వస్తాడు. సైనికుడని తేలితే ఖైదీగా ఇరాక్‌కి, బస్రా పంపేస్తారు, రమణ. కాదని నువ్వు చెబితే సాయంత్రానికి ఇంటికి వస్తాడు."

"చెప్తాను ఉస్తాద్. మీరు వెళ్లండి. నేనున్నాను కదా," అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. చరిత్ర మాస్టారు, నా తండ్రి వయసువాడు. చేతులు లాక్కున్నాను.

మధ్యాహ్నం కెప్టెన్ వచ్చాడు. ఇద్దరు సైనికులు బయట నీడలో నిలబడ్డారు. కెప్టెన్ చంకలో ఉస్తాద్ ఆల్బం ఉంది. నేననుకున్నట్టు కేకలు వేసే రకం కాదు. సలాం చెప్పాడు, కూర్చోవచ్చా అని అడిగాడు. ఇరాన్‌తో యుద్ధానికి ముందు తానూ పంతులేనని చెప్పాడు. నాకు వచ్చిన అరబ్బీలో, ఆయనకు వచ్చిన ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. ఫహద్ ఫొటో బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వు తీసిందేనా?"

"నేనే, సర్."

"ఈ బట్టలు ఎవరివి?"

భయంగానే ఉంది కానీ తడుముకోకుండా చెప్పాను. "ఎవరివో తెచ్చుకున్నాడు, సర్. ప్లాస్టిక్ సంచీలో తెచ్చుకుని ఇక్కడే మార్చుకున్నాడు. కొలత సరిపోలేదు. వెనక క్లిప్పులు పెట్టి బిగించాను." లేచి మేకుకున్న కోటు చూపించాను, క్లిప్పులు చూపించాను. ఆయన నవ్వాడు.

"మా ఊళ్లోనూ ఇంతే. అందరూ ఒకే టై," అన్నాడు. ఫొటో తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఖలాస్. మంచిది."

అయిపోయింది. ఆ క్షణంలో ఫహద్ బతికిపోయాడు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు కానీ నాకు ఖాయంగా తెలుసు. నేను నోరు మూసుకుని నమస్కారం పెట్టి ఉంటే ఆయన లేచి వెళ్లిపోయేవాడు. నేను టీ ఇస్తానన్నాను.

టీ తాగుతూ బెరె తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆల్బం తెరిచాడు. "ఆ ముసలాయన పాపం ఇవి లాక్కుంటానేమోనని భయపడ్డాడు. వీటిని చదవడంలో తనకన్నా నువ్వే దిట్టవట. నిజమేనా? ఒక ఇండియావాడికి ఈ విద్య ఎలా వచ్చింది?"

మునగచెట్టు ఎక్కించడమంటే అదే. నేను ఎక్కాను, చివరి కొమ్మ దాకా ఎక్కాను. ఏడేళ్లలో స్టూడియోలో అడుగుపెట్టిన ఏ చదువుకున్నవాడూ ఉస్తాద్ తప్ప నన్ను ఒక ప్రశ్న అడగలేదు. తొందరగా తీయి, ఎంతవుతుంది, అంతే. ఈయన కుర్చీ నా పక్కకి జరుపుకుని వింటున్నాడు. భుజం పట్టీ అంకె చెప్పాను. ఎర్ర కాలరు నల్లగా పడిన కథ చెప్పాను. "వల్లా, ఇది మా కాలేజీలో కూడా చెప్పరు," అన్నాడు. నేను ఇంకో పేజీ తిప్పాను.

"మరి వీళ్లలో అన్న కోటు తొడుక్కుని వచ్చినవాడెవడో, నిజం సైనికుడెవడో తెలుసుకోగలవా?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన ఆలోచించి వేశాడో, ఊరికే వేశాడో ఇప్పటికీ నాకు తెలీదు.

"బట్టలు చూడకూడదు, సర్. బట్టలు ఎవరైనా తొడుక్కోవచ్చు. నుదురు చూడాలి." భూతద్దం తీసి, టోపీ చేత్తో పట్టుకున్న ఒక కుర్రవాడి నుదుటి మీద పెట్టాను. "టోపీ ఇక్కడిదాకా. రోజూ పెట్టుకునేవాడికే ఈ గీత పడుతుంది. కోటు అరువు తెచ్చుకోవచ్చు, గీత అరువు రాదు. మామూలుగా మేం చెరిపేస్తాం. చెరపకపోతే ఇదిగో, నూరేళ్లయినా ఉంటుంది." అక్కడితో ఆగలేదు. తలెత్తి ఆయన మొహం చూసి, "మీకూ ఉంది చూడండి, సర్. బెరె కాబట్టి ఏటవాలుగా ఉంది," అన్నాను.

ఆయన తన నుదురు తడుముకున్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. జేబులోంచి ఫహద్ ఫొటో తీసి ఆ జర్మన్ కుర్రవాడి పక్కన పెట్టి, నా చేతిలోంచి అద్దం మెల్లగా తీసుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు నేనేం చేశానో. కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ చిన్నప్పుడు వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది.

చాలాసేపు చూశాడు. కోపం లేదు మొహంలో. "రమణా, ఇందాక ఒకటి చెప్పావు, ఇప్పుడు ఒకటి చెప్పావు. ఏది నిజం?"

ఎన్ని చెప్పొచ్చు! అది దీపం నీడ అనొచ్చు. కడిగేటప్పుడు నెగెటివ్ మీద పడిన గీత అనొచ్చు. కుర్రవాడు తలగుడ్డ ఒకవైపుకి వాల్చి పెట్టుకునే రకం అనొచ్చు. రీటచర్ని నేను, మొహం మీద గీతకి వంద కారణాలు చెప్పగలను, ఆయన కాదనలేడు. ఆ వందా నాకు తర్వాత ముప్ఫయ్యేళ్లలో ఒక్కొక్కటే తోచాయి. అప్పుడు తోచిందల్లా, నేను చెప్పిన విద్య అబద్ధమని ఈయన అనుకుంటాడేమోనని.

"ఇప్పుడు చెప్పింది, సర్," అన్నాను.

ఆయన బెరె పెట్టుకున్నాడు. "షుక్రన్" అన్నాడు. ఆల్బం నా బల్ల మీదే వదిలేశాడు. "ముసలాయనకి ఇచ్చెయ్. ఇది మాకు అక్కర్లేదు."

సాయంత్రం ఆల్బం ఇచ్చి రావడానికి నేను వెళ్లలేదు. మర్నాడు ఉస్తాదే వచ్చాడు. రాత్రికి రాత్రి ఫహద్‌ని బస్రా లారీ ఎక్కించేశారట. తన కళ్లలోకి నేను చూడటం లేదని ఆయన గమనించే స్థితిలో లేడు.

"కెప్టెన్ నీ దగ్గరికి వచ్చాడా?"

"వచ్చాడు, ఉస్తాద్."

"ఏం చెప్పావు?"

"మీరు చెప్పమన్నదే చెప్పాను. సంచీలో తెచ్చుకున్నాడని చెప్పాను. నమ్మాడు కూడా."

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అంత తెలివిగా నేను జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఉస్తాద్ తలపట్టుకుని ఆలోచించాడు. "అయితే ఇంకెవడో చెప్పాడు. ఫహద్ యూనిఫాం ఇస్త్రీ చేసేది ఒక్కడే, గులాం. వాడికి తప్ప ఎవరికి తెలుసు?" గులాం మా వరసలోనే నాలుగో దుకాణం, పెషావర్ వైపు ముసలివాడు. ఆ పాటికి అతను కొట్టు మూసుకుని గదిలో దాక్కుని ఉన్నాడు. నేను కాదనలేదు, అవుననలేదు. ఆల్బం తీసి ఇచ్చాను. అది క్షేమంగా ఉన్నందుకు నాకు కృతజ్ఞతలు చెప్పాడు.

గదికి వెళ్లాక సుబ్బరాయుడికి మాత్రం జరిగింది చెప్పాను. అతను అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. "పోయి ఆ ముసిలాయనకు నిజం సెప్పు. సెప్పి కాళ్ల మీద పడు. ఆ గులాం ఏం పాపం జేసినాడు?"

"చెప్తాలే," అన్నాను.

సెప్టెంబరు చివర్లో బస్సుల్లో బాగ్దాదు మీదుగా అమ్మాన్ చేరి, అక్కడినుంచి విమానంలో బొంబాయి వచ్చిపడ్డాం. బయల్దేరే రోజు ఉస్తాద్ దారికి రొట్టెలు, ఖర్జూరం, రెండు సీసాల నీళ్లు పంపించాడు. ఎడారిలో రెండు రోజులు అవే మమ్మల్ని నిలబెట్టాయి. సుబ్బరాయుడు తన వంతు ముట్టుకోలేదు. నేను తిన్నాను.

1992లో అదే స్టూడియోకి తిరిగి వచ్చాను. వారం లోపే ఉస్తాద్ వచ్చాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఖైదీలు చాలామంది తిరిగొచ్చారు, ఫహద్ రాలేదు. తప్పిపోయినవాళ్ల వివరాలు రాసుకునే ఆఫీసులో ఫొటో అడిగారట. కెప్టెన్ తీసుకెళ్లిన ప్రింటు తప్ప మంచి ఫొటో లేదు. నెగెటివ్ ఉందేమోనని అడిగాడు. కాల్చేశానని చెప్పాను. "మంచిపనే చేశావు. దొరికితే నీ ప్రాణం పోయేది," అన్నాడు.

పెళ్లిలో పదిమంది మధ్య నవ్వుతున్న ఒక చిన్న ఫొటో తెచ్చాడు. అందులోంచి ఫహద్ మొహం ఒక్కటే పెద్దది చేశాను. మసకగా వచ్చింది. కనుబొమలూ పెదవులూ పెన్సిల్‌తో సరిచేశాను. గుర్తుపట్టడానికి వీలుగా ఉండాలి కదా. పన్నెండు కాపీలు ఆరబెడుతుంటే ఆయన ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు.

"గులాం ఇక్కడ లేడు, చూశావా?" అన్నాడు ఉన్నట్టుండి. "విముక్తి తర్వాత నేనే వాడి మీద ఫిర్యాదు చేశాను. రెండు నెలలు లోపల పెట్టారు, తర్వాత దేశం నుంచి పంపేశారు. ముప్ఫయ్యేళ్లు ఇక్కడ బతికినవాడు. ఖురాన్ మీద ప్రమాణం చేసి నాకేం తెలీదని ఏడ్చాడు. నేను వినలేదు." చేతిలో ఉన్న కాపీ కింద పెట్టి, "తప్పు చేశానా, రమణ? నీకు తెలిస్తే చెప్పు. నువ్వు నాతో అబద్ధం చెప్పవు," అన్నాడు.

స్టూడియోలో మేమిద్దరమే ఉన్నాం. తలుపు వేసి ఉంది. తుపాకీ లేదు, కెప్టెన్ లేడు. చెబితే మహా అయితే నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కాగితం, పోతుంది, ఊరికి పంపేస్తారు.

"నాకేం తెలుసు, ఉస్తాద్," అన్నాను.

ఆయన నా తలమీద చెయ్యి పెట్టి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత నాలుగేళ్లకు పోయాడు. ఫహద్ మాట ఏమీ తెలియకుండానే పోయాడు. గులాం ఊరు ఏదో కనుక్కోవాలని నేను ప్రయత్నించనైనా లేదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, పాత ఫొటోల్లో మనుషుల్ని ఎలా గుర్తుపట్టాలో నేర్పమని. నేర్పుతాను. అంతకన్నా ముందు, అడిగేవాడు ఎవడు, ఎందుకు అడుగుతున్నాడు అని చూసుకోమని చెప్తాను. ఎందుకలా అంటానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ప్రాణభయంతో నోరు జారానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. భయంగా ఉన్నంతసేపూ నేను ఫహద్‌ని కాపాడుతూనే ఉన్నాను. టీ ఇచ్చి, భయం పోయి, ఆ కెప్టెన్ నన్ను మెచ్చుకున్నాక ఆ కుర్రవాణ్ణి పట్టించాను.